రేకు పోతరాజు

మదీనాగూడ లింగమూర్తి రేకుతో పోతరాజును చేశాడట. లారీ బ్యాటరీతో దానికి ప్రాణం పోశాడట. కాళ్లు లేని పెళ్లాన్ని దాని వీపు మీద కూర్చోబెడితే, ఎవరూ చెప్పకుండానే అది దారి తెలుసుకుంటూ పోయి పోచమ్మ గుడి ముందు ఆగిందట. ఈ మాట బోరబండ దాకా పాకింది. నానక్‌రామ్‌గూడ చేరేసరికి ఆ పోతరాజు కొరడా కూడా ఝళిపించాడు.

లింగమూర్తి భార్య నీలమ్మకు కాళ్లు రెండూ ఉన్నాయి. గుట్ట దగ్గర రాళ్లు మోస్తుండగా బండ దొర్లి ఎడమకాలు విరిగింది. ఎముక అతికింది గానీ మోకాలు వంగడం మానేసింది. నడుస్తుంది, కాని అడుగు తీసి అడుగు వేస్తే ఒళ్లంతా పక్కకు ఒరుగుతుంది. అలా ఒరిగే మనిషి నెత్తిన బోనం నిలవదు. అందుకే రెండేళ్లుగా ఆమె బోనాన్ని తోడికోడలు సక్కుబాయి మోస్తోంది.

సక్కుబాయి మంచిదే. "నా నెత్తి గట్టిది అక్కా, ఇంకోటి గూడ పెట్టు" అని నవ్వేది. కాని కుండకు సున్నం పూసి, పసుపు కుంకుమలు దిద్ది, వేపమండలు కట్టి, పైన దీపం వెలిగించి, తీరా దాన్ని ఇంకొకరి నెత్తికి ఎత్తాక నీలమ్మకు తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

లింగమూర్తి అది చూశాడు. ఆయన బొంబాయి రోడ్డు పక్కన రేకుల షెడ్డులో లారీల కరెంటు పని చేసేవాడు. మాటలు తక్కువ. కోపం వచ్చినా ప్రేమ వచ్చినా ఏదో ఒకటి విప్పదీసి బిగించేవాడు. డెబ్బై ఆరో సంవత్సరం ఉగాది వెళ్లగానే ఇంటి ముందు పాత రేకులు, సైకిల్ చక్రాలు పోగుపడ్డాయి.

"ఏందయ్యా ఇది? పాత సామాన్ల దుకాణం పెడ్తున్నవా?"

"నీకు గుర్రం చేస్తున్న. బోనానికి."

"గుర్రమెక్కనీకి నేనేమన్న పెండ్లికొడుకునా?" అని నవ్వింది నీలమ్మ. వెంటనే, "జేస్తే పోతరాజును చెయ్యి. అమ్మవారికి తమ్ముడు గద. ఇంకో అక్కను మోస్తే ఏం పోతది?" అంది.

ముందు కులపెద్ద పోచయ్య ఒప్పుకోవాలి. ఆయన చుట్ట ఆర్పకుండానే తీర్పు చెప్పాడు.

"ఎడ్లబండ్ల తెస్తే ఎడ్లు తెచ్చినట్టు. ఎవడన్న నూకితే వాడు తెచ్చినట్టు. ఆమెనే తోలుకొని రావాలె, ఎవ్వడు ముట్టొద్దు. ఇంకొకటి, టైర్లు తీసెయ్."

"టైర్లేం జేసినయి పెదనాయినా?"

"నీ కాళ్లకున్న చెప్పులు దేనియిరా?"

లింగమూర్తి కిందికి చూసుకున్నాడు. టైరు చెప్పులే. గుడికి వచ్చేవాళ్లు చెప్పులు విడవాల్సిందే. ఇంటికొచ్చి టైర్లు ఊడదీసి, చక్రాలకు కొబ్బరితాడు చుట్టాడు.

మొదట లారీ ఇంజన్‌ను స్టార్టు చేసే సెల్ఫు మోటారు పెట్టాడు. స్విచ్చు వేయగానే పోతరాజు ఎగిరి దూకాడు. పరీక్షకని ఎక్కిన నీలమ్మ ఒళ్లో ఉన్న బిందెలోని నీళ్లన్నీ ఆమె ముఖాన పడ్డాయి.

"మోస్తదా, ఎత్తి పడేస్తదా ఇది?" అంది ఆమె కొంగుతో తుడుచుకుంటూ. "దీపం ఉంటదా దీంతోని?"

తర్వాత పెట్టిన, లారీ అద్దం తుడిచే వైపరు మోటారు మెత్తగా కదిలింది, కాని నీలమ్మ ఎక్కి కూర్చోగానే మూలిగి ఆగింది. "దీనికి ముందు బువ్వ పెట్టు," అంది నీలమ్మ.

ఆ పూట స్కూటరు హారను బాగుచేయించుకోవడానికి విశ్వేశ్వరరావు వచ్చాడు. కోస్తా మనిషి, ఇక్కడే రామచంద్రపురం వైపు ఫ్యాక్టరీలో పని. పోతరాజు చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"లారీ డైనమోలు పెట్టి చూడండి లింగమూర్తిగారూ, బ్యాటరీని ఛార్జి చేసేవి. బ్యాటరీ తగిలిస్తే అవీ తిరుగుతాయి కదండీ, నెమ్మదిగా. ఒక్కో చక్రానికి ఒక్కోటి."

లింగమూర్తి నుదురు కొట్టుకున్నాడు. బాగుచేసిన ప్రతి డైనమోనూ ఆయన అలాగే తిప్పి చూసేవాడు. దానితో బండి నడపాలని మాత్రం తోచలేదు. పాత డైనమోలు రెండు బిగించి, సైకిల్ గొలుసులతో చక్రాలకు కలిపాడు. పోతరాజు నిద్రలేచినంత మెల్లగా కదిలాడు.

ఇక మలుపులు. ముందువైపున్న చిన్న చక్రానికి సైకిల్ హ్యాండిల్ పెట్టాడు. నీలమ్మ నెత్తిన కుండ పెట్టుకుంది. కుండ ఎక్కగానే ఆమె రెండు చేతులూ వాటంతటవే పైకి పోయాయి. హ్యాండిల్‌ను పట్టుకునేవారు లేక పోతరాజు తిన్నగా పోయి గడ్డివాములో దూరాడు.

"అక్కా, పోచమ్మ గుడి ఇటు!" అని అరిచింది సక్కుబాయి. వాడకట్టంతా నవ్వింది.

లింగమూర్తి నవ్వలేదు. హ్యాండిల్ పీకేసి, దాని చోట కాలి కిందికి ఒక చెక్కపలక పెట్టాడు. పాదం ఆనిస్తే రెండు డైనమోలూ తిరుగుతాయి. మునివేళ్లు గట్టిగా నొక్కితే ఎడమ చక్రం ఆగి బండి ఎడమకు మళ్లుతుంది. మడమ నొక్కితే కుడికి. కాలు తీస్తే బండి నిలుస్తుంది. నీలమ్మ రోజూ కుడికాలితో తోలి నేర్చుకుంది. చెయ్యి కుండ మీద, కాలు పలక మీద.

బోనాల నాడు పసుపు పూసిన రేకు పోతరాజు డప్పుల వెంట కదిలాడు. గుడి ముందున్న రాతి ఎత్తు దాకా బాగానే వచ్చాడు. ఎత్తు మీద వెనక్కి వాలాడు. నీలమ్మ ఒళ్లు సీట్లో జారింది. దీపం అల్లాడింది. కుడికాలిని బలంగా తన్నిపెడితే తప్ప నడుము నిలవదు. ఆ కాలేమో పలక మీద ఉంది. ఆమె కాలు తీసింది. పోతరాజు ఆగి, వెనక్కి దొర్లబోయాడు.

లింగమూర్తి దూకాడు.

"ముట్టకు! నేనే వస్త."

ఆయన చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

నీలమ్మ కుడికాలిని ముందున్న ఇనుప కమ్మీకి తన్నిపెట్టింది. వంగని ఎడమకాలిని కర్రలా చాచి, పాదాన్ని పలక పైకి తెచ్చింది. నొప్పికి పెదవి కొరుక్కుంది. "ఇగ పా తమ్మీ," అంది రేకు పోతరాజుతో. పాదాన్ని సమంగా పలకకు ఆనించింది. చక్రాలు తిరిగాయి.

పైన పోచయ్య చుట్ట కిందపడేసి పక్కకు జరిగాడు. బోనాలు తెచ్చిన అందరి కాళ్లపైనా పోసినట్టే సక్కుబాయి చెంబెడు నీళ్లు నీలమ్మ రెండు పాదాల మీదా పోసింది. మిగిలినవి కొబ్బరితాడు చక్రాల మీద పోసింది. లింగమూర్తి తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు, చాలాసేపు.

కథ ఊళ్లు తిరిగింది. పోతరాజుకు దారి తెలియదు. ఆ ఎత్తు ఎక్కించింది నీలమ్మ ఎడమకాలు.