విప్పని మడత

ఏ గుడ్డ చేతికొచ్చినా ఆమె ముందు దాన్ని తిరగేస్తుంది. లోపలి వైపు బయటికి తీసి, కుట్టును రెండు బొటనవేళ్ల మధ్య పట్టి అటూ ఇటూ లాగుతుంది. సందు కనిపిస్తే పెదవి విరుస్తుంది. కనిపించకపోతే ఏమీ అనదు. ఆమె ఏమీ అనకపోవడమే మెప్పు.

బట్టల ఫ్యాక్టరీలో చేరినప్పుడు ఆమె జుట్టు నల్లగా ఉండేది. నెరిసేదాకా చెకింగ్ బల్ల దగ్గరే నిలబడింది. కుట్టిన చొక్కాలు లోపలి వైపు బయటికి ఉండగానే ఆమె ముందుకు వచ్చేవి. లోపలి కుట్టు చూసి, సరి వైపుకు తిప్పి, పై కుట్టు చూసి పక్కకు పెట్టేది. తప్పున్న చోట చిన్న ఎర్ర బాణం స్టిక్కరు అంటించేది. కుట్టేవాళ్లు ఆమెకు 'తిరగేసే అక్క' అని పేరు పెట్టారు. అందులో కొంత గౌరవం, కొంత కసి.

"అక్కా, మా ఆయన్ని కూడా ఓసారి తిరగేసి చూడరాదా, ఎక్కడుందో తప్పు?"

"ఉన్న స్టిక్కర్లు చాలవే."

ఫ్యాక్టరీ వేరే ఊరికి తరలిపోయింది. ఇచ్చిన డబ్బుతో ఆమె ఒక కుట్టు మిషన్ కొని కిటికీ పక్కన పెట్టుకుంది. కానీ కుట్టించుకునేవాళ్లు రాలేదు. రెడీమేడ్ దుకాణాలు వీధి చివరిదాకా వచ్చేశాయి. ఆమె ఇంట్లో తువాళ్లు తిరగేసింది. కర్టెన్లు తిరగేసింది. ముందు గదిలో కాలిన మోటార్లకు రాగి తీగ చుట్టుకునే భర్త చొక్కాను, అతను తొడుక్కుని ఉండగానే, భుజం దగ్గర పట్టి చూసింది.

"నన్ను వదిలెయ్యవే. నాకు గ్యారంటీ ఎప్పుడో అయిపోయింది" అన్నాడతను.

అలాంటి రోజుల్లో ఫోన్‌లో ఆ ప్రకటన కనిపించింది. ఇంట్లో కూర్చుని దిండు గలీబులు కుట్టండి. బట్ట మేమే పంపుతాం, కుట్టినవి మేమే కొంటాం. కింద ఒక నంబరు. అవతల మాట్లాడిన మేడమ్ గొంతు మెత్తగా ఉంది. పేరు నమోదుకు కొంత కట్టాలంది. అది కట్టాక బట్టల పెట్టెకు కొంత. పెట్టె వచ్చాక, రవాణా ఖర్చు వేరేనండి, ముందే చెప్పాం కదా అంది. ముందు చెప్పలేదు. చెప్పారేమో, తనే వినలేదేమో అనుకుంది ఆమె.

భర్త చుడుతున్న తీగ ఆపాడు. "పని చేసినోడికి డబ్బిస్తారు. పని చేస్తానన్నోడి దగ్గర డబ్బు తీసుకోవడం ఎక్కడుందే? నాకు కాలిన వాసన వస్తోంది."

"నీకు ఎప్పుడూ వచ్చేది ఆ వాసనే."

మొదటి విడత కుట్టి పంపింది. పది రోజుల్లో తిరిగొచ్చింది. పైన అచ్చు వేసిన చీటీ: నాణ్యత చాలదు. ఎక్కడ చాలదో చెప్పే బాణం ఒక్కటీ లేదు.

ఇంకొకరయితే అప్పుడే అనుమానపడేవారు. ఆమె అనుమానపడలేదు. చెకింగ్ బల్ల మాట ఆమెకు వేదం. ఫ్యాక్టరీలో తను వద్దన్న చొక్కాను సూపర్‌వైజర్ కూడా కావాలనలేదు. ఇప్పుడు ఎవరో ఒక బల్ల దగ్గర నిలబడి తన గలీబులను వద్దన్నారు. వాళ్లకు ఏదో కనిపించి ఉంటుంది. ఆమె ఆ గలీబులన్నీ కిటికీ వెలుగులో పరిచి పొద్దంతా వెతికింది. చివరికి ఒక దాని మూలలో తప్పిపోయిన కుట్టు దొరికింది. వెతికితే తప్పు దొరకని బట్ట ఉండదని అందరికంటే ఆమెకే తెలుసు. ఆ సంగతి ఆరోజు ఆమెకు గుర్తు రాలేదు. తప్పు దొరికినందుకు మనసు కుదుటపడింది కూడా.

రెండో విడతకు 'మళ్లీ పరిశీలన రుసుము' కట్టమంది మేడమ్. లేదంటే కొత్త మనిషిని ఒకరిని చేర్పిస్తే చాలు, అది మాఫీ.

ఆమె తోటికోడలి పేరు ఇచ్చింది.

తోటికోడలు ఆసుపత్రి బట్టలు ఉతికే చోట పని చేస్తుంది. ఆవిరి, వేడి, దుప్పట్ల గుట్టలు. ఇద్దరూ ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ పెద్దామె తప్పు చూపడం, చిన్నామె మూతి తిప్పడం ఆనవాయితీ. అలాంటి పెద్దామె ఆరోజు చిన్నామె నమూనాగా కుట్టి తెచ్చిన గలీబును సరిగ్గా చూడకుండానే సంచిలో వేసుకుని, "బాగా కుట్టావే. నాకంటే సాఫీగా ఉంది" అంది.

తోటికోడలు ఆమె ముఖంలోకి చూసి, "అక్కా, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది. ఇద్దరూ నవ్వారు. తోటికోడలి కళ్లలో తడి ఉంది. తిరగేసే అక్క అది చూసింది, చూడనట్టు ఊరుకుంది.

రెండో విడత పంపిన నాటి నుంచి ఆమెకు నీలం సుద్ద ముక్క కనపడలేదు. గుడ్డ మీద గీత గీసుకునే ముక్క, అరిగి అరిగి వేలి గోరంత అయింది. మిషన్ కింద వెతికింది. మంచం కింద వెతికింది. భర్త పనిముట్ల డబ్బా బోర్లించింది.

"సుద్ద ముక్కకు ఇల్లంతా పీకి పందిరేస్తున్నావు. ఇంకొకటి కొనుక్కోవచ్చుగా?"

"అది నా చేతికి అలవాటైంది. నువ్వే ఎక్కడో ఊడ్చేసుంటావు."

"నేను ఊడ్చడమా? ఆ నింద మాత్రం ఎవరూ నమ్మరు."

ఒక మధ్యాహ్నం రెండో విడత తిరిగొచ్చింది. తలుపు దగ్గరే విప్పింది. పైన చీటీ: పై కుట్టు వంకర. మళ్లీ పరిశీలనకు రుసుము కట్టవలెను.

ఈసారి ఆమె కూర్చోలేదు. నిలబడే గలీబులను ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుంది. మధ్యలో ఒకదాని మడత విప్పగానే ఏదో టక్కుమని నేల మీద పడి దొర్లింది.

నీలం సుద్ద ముక్క.

ఆమె వంగి తీసుకుంది. సుద్ద వైపు చూసింది, గలీబు వైపు చూసింది. ఇవన్నీ తను మడిచిన మడతలే. అంచు లోపలికి, మూల మీద మూల. తను ఫ్యాక్టరీ అలవాటుకొద్దీ లోపలి వైపు బయటికి ఉంచే పంపింది, బల్ల దగ్గరికి బట్ట అలాగే వెళ్తుంది కాబట్టి. అలాగే వచ్చాయి. పై కుట్టు చూడాలంటే ముందు సరి వైపుకు తిప్పాలి. ఎవరూ తిప్పలేదు. ఎవరూ విప్పలేదు. అక్కడ బల్లే లేదు.

వెంటనే ఫోన్ చేసింది.

"మేడమ్, పై కుట్టు ఎక్కడ వంకరగా ఉంది?"

"మా నిపుణులు చూశారండి."

"మడత విప్పకుండా చూశారా?"

"మిషన్ మీద చూస్తామండి. ఇంతకీ మీ తోటికోడలు రేపు కడతానన్నారు. రేపే ఆఖరు. దాటితే ఆవిడ పేరు పోతుంది, మీ మాఫీ కూడా పోతుంది."

"మీ ఆఫీసు ఎక్కడో చెప్పండి. నేనే వచ్చి చూపిస్తాను."

"అడ్రస్ ఇవ్వకూడదండి. రూలు."

"డబ్బు ఎక్కడికి పంపాలో మాత్రం చెప్పొచ్చు, ఏం? అది రూలే?"

ఫోన్ పెట్టేశారు. మళ్లీ చేస్తే మోగి మోగి ఆగిపోయింది.

ఆమె వంటగదిలోకి వెళ్లి నీళ్లు తాగకుండా గ్లాసు పెట్టేసి వచ్చింది. మిషన్ ముందు కూర్చుని లేచింది. తన డబ్బు పోయింది. అది ఒక పక్క మంట. కానీ కాలు నిలవనివ్వనిది ఇంకొకటి. రేపు పొద్దున తోటికోడలు డబ్బు కడుతుంది. దానికంటే ముందు, పని చేసే చోట, ఇక రానని చెప్పేస్తుంది. అక్కడ ఒకసారి మానేస్తే మళ్లీ తీసుకోరు, గేటు బయట చాలామంది కాచుకుని ఉంటారు. నిన్ననే చెప్పింది: "ఆ ఆవిరి గదిలో నాది ఇదే ఆఖరి వారం అక్కా. ఇక నేనూ నీలాగే కిటికీ పక్కన."

తోటికోడలికి ఫోన్ కలిపింది.

"చెప్పక్కా."

"ఏం లేదు. తిన్నావా?"

"సాయంత్రం అయిదింటికి ఏం తింటాను?"

"అదే... ఊరికే."

"ఊరికే నువ్వు ఫోన్ చెయ్యడం ఇదే మొదటిసారి. ఏమైనా తప్పు దొరికిందా నా గలీబులో?"

"లేదు లేదు" అని పెట్టేసింది.

ఇంటి ముందు నుంచి వీధి మలుపు దాకా నడిచి వచ్చింది. మళ్లీ నడిచింది. వద్దని చెప్తే ఏమనుకుంటుంది? ఇన్నేళ్లలో ఒక్కసారి బాగుందన్నాను. ఆ ఒక్క మాటా వెనక్కి తీసుకుంటే కుళ్లు అనుకోదూ? చెప్పకపోతే? రేపు ఆమెకూ ఇదే చీటీ వస్తుంది. ఆమె మడతలో సుద్ద ముక్క వదిలేసే మనిషి కాదు. తన కుట్టే చెడ్డదని జీవితాంతం నమ్ముతుంది, అక్క ఎప్పుడూ తప్పు చూపేది అందుకే కదా అని.

"ఏమిటే, రోడ్డు కొలుస్తున్నావా?" అన్నాడు భర్త, గడప మీద నిలబడి.

చేతిలో సుద్ద ముక్క చూపించింది. ఎక్కడ దొరికిందో చెప్పింది. అతను నవ్వుతాడని ఎదురు చూసింది. అతను నవ్వలేదు. సుద్ద తీసుకుని వెలుగులో తిప్పి చూసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"మరి నేనే ఊడ్చేశానన్నావు."

"అన్నాను."

"అయితే వాపసు తీసుకో ఆ నింద."

"తీసుకున్నాను." గుప్పిట మూసి, "చిన్నామెకి ఎలా చెప్పాలో తెలియడం లేదు" అంది.

"నాకు చెప్పినట్టే. చేతిలో పెట్టి."

ఆ సాయంత్రం ఆమె సుద్ద ముక్కను అదే గలీబులో, అదే చోట పెట్టింది. మడతలు మళ్లీ అలాగే వేసింది. వేళ్లకు ఆ దారి తెలుసు. మంచం మీద పడుకున్నాక కూడా లేచి వెళ్లి సంచి తడిమి చూసుకుంది.

మర్నాడు పొద్దున్నే బట్టలు ఉతికే చోటుకు వెళ్లింది. గేటు ఇంకా తెరవలేదు. గోడలోని గొట్టం నుంచి ఆవిరి బయటికి వస్తోంది. పనివాళ్లు టీ గ్లాసులతో గోడ పక్కన నిలబడి ఉన్నారు. తోటికోడలు అందరికంటే ముందు నిలబడి ఉంది, ఈరోజు చెప్పేయబోయే మనిషి లాగా, తల నున్నగా దువ్వుకుని.

"అక్కా! ఇక్కడికొచ్చావేంటి?"

"డబ్బు కట్టావా?"

"ఇంకా లేదు. లోపలికెళ్లి మేస్త్రీకి చెప్పేసి, తర్వాత కడదామని."

"కట్టకు. చెప్పకు."

తోటికోడలి ముఖం మారింది. గొంతు తగ్గించింది, పక్కవాళ్లు వింటారని. "నాకు తెలుసు. నిన్న ఫోన్‌లోనే అనుకున్నా. నేను నీ పక్కకి రాకూడదు, అంతేగా?"

"అలాగే అనుకో. ముందు ఇది విప్పు."

సంచిలోంచి గలీబు, దానితో వచ్చిన చీటీ తీసి ఇచ్చింది. తోటికోడలు విసురుగా మడత విప్పింది. సుద్ద ముక్క ఆమె చెప్పుల మధ్య పడింది. ఆమె కిందకి చూసింది.

"ఇదేంటి?"

"నా సుద్ద. వాళ్లకి పంపినప్పుడు పొరపాటున మడతలో ఉండిపోయింది. వాళ్లు చూశామంటూ, పై కుట్టు వంకరని చీటీ పెట్టి పంపారు. సుద్ద ఉన్నచోటే ఉంది."

తోటికోడలు సుద్ద తీసుకుంది. గలీబును అటూ ఇటూ తిప్పింది. చీటీ చదివింది. అర్థం కావడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు. దుప్పట్ల గుట్టల్లో బతికే మనిషి, విప్పిన గుడ్డకూ విప్పని గుడ్డకూ తేడా తెలుసు.

"నీకెంత పోయింది?"

"పోయింది. ఎంతైతే ఏం? నీ పేరు ఇచ్చింది నా రుసుము తప్పించుకోవడానికి. అది కూడా విను."

తోటికోడలు వింది. గలీబును, సుద్దను తిరిగి అక్క సంచిలో వేసింది. ఆవిరి ఇద్దరి మధ్యగా వెళ్లింది.

"అయితే నా కుట్టు బాగుందన్నావు చూడు, అది కూడా అందుకేనా?"

తిరగేసే అక్క సంచి అడుగు నుంచి ఇంకొక గలీబు తీసింది, తోటికోడలు నమూనాగా కుట్టింది. గేటు తెరిచారు. పనివాళ్లు కదిలారు. ఇద్దరూ కదల్లేదు. ఆమె ఆ గలీబును తిరగేసింది, కుట్టును బొటనవేళ్ల మధ్య పట్టి, ఒక మూల నుంచి ఇంకో మూలదాకా, తొందర లేకుండా లాగి చూస్తూ వెళ్లింది.

"ఇక్కడ ఒకటి తప్పింది" అంది, వేలు పెట్టి చూపిస్తూ.

తోటికోడలు వంగి చూసింది. "మిగతాది?"

ఆమె ఏమీ అనలేదు. గలీబును సరి వైపుకు తిప్పి, మూలలు వేలితో పొడిచి సరిచేసి, తోటికోడలి చేతికిచ్చింది.

తోటికోడలు దాన్ని భుజాన వేసుకుని, మూతి తిప్పుకుంటూ పనిలోకి వెళ్లింది.