పిన్నీసు ఇచ్చిన పిల్ల

పంకజాక్షి పుట్టింది ఐరాలలో, బెల్లం వండే ఇంట్లో. పాఠాలు చెప్పేది పాకాలలో, ఏడో తరగతికి. భుజం మీద సుద్దపొడి లేకుండా ఆమెను నేనెప్పుడూ చూడలేదు. నేను బండి మారడానికి పాకాలలో దిగినప్పుడల్లా ఆమెను పలకరించి గానీ ముందుకు కదలను. ఎన్నెన్ని రాజ్యాల చరిత్రలు చదివినా, ఆమె తరగతి కథలే నాకు ఎక్కువ రుచి.

టీచరు బయటికి వెళితే లీడరు బోర్డు మీద మాట్లాడినవాళ్ల పేర్లు రాయడం మన బళ్లలో ఎప్పటి చట్టమో ఎవరికీ తెలియదు. మళ్లీ మాట్లాడితే పేరు పక్కన ఇంటూ గుర్తు. లీడరు సునీల్‌కుమార్‌కు చింతపండు ఉండ ఇస్తే పేరు చెరిగిపోయేది. పిల్లలు ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకోవడం చూసి పంకజాక్షికి విసుగొచ్చింది.

“ఇంకమీద మంచి పని చేసినోళ్ల పేర్లే రాయండి,” అంది.

ఆమె ఆఫీసు గదికి పోయి వచ్చేసరికి బోర్డు నిండిపోయింది. అల్లరి చిన్నబ్బ కూడా ‘గొడవ చేయలేదు’ అని ఎక్కేశాడు. లేనిది ఒక్క మహిత పేరే. కాట్పాడి నుంచి అవ్వ దగ్గరికి వచ్చి చేరిన పిల్ల. అవుననడానికి అరవంలో ‘ఆమా’ అంటుందని నవ్వుతారు. పాకాలలో అరవం కలవని ఇల్లు ఏదో నాకైతే కనబడలేదు, అయినా నవ్వుతారు. పాత చట్టంలో పేరు లేకపోవడం ఆ పిల్లకు రక్షణ. కొత్త చట్టంలో అదే అవమానమైంది.

మర్నాడు మహిత రాలేదు. అవ్వ చెంగమ్మ వచ్చింది.

“టీసీ ఇచ్చేయండి మేడం. కాట్పాడిలోనే సదువుకుంటాది.”

“ఏమైందవ్వా?”

“నన్నడుగుతా ఉండారా? బోర్డు మీద అందరి పేర్లూ ఉండాయంట. నా మనవరాలు ఏం పాపం జేసింది?”

“సోమవారం దాకా ఆగవ్వా. తప్పు నాది,” అంది పంకజాక్షి.

తరగతిలోకి పోయి బోర్డంతా తుడిచేసింది.

“ఎవరి గొప్ప వాళ్లు రాయించుకునేది కాదు. మీకు ఎవరు మేలు చేసినారో లేచి చెప్పండి.”

చిన్నబ్బ లేచాడు. “మొన్న వానలో నా చెప్పు తెగితే మహిత పిన్నీసు ఇచ్చింది మేడం.”

“మరి నిన్న చెప్పలేదేమిరా?”

“పిన్నీసు తీసుకోని గూడా ‘ఆమా’ అని ఎక్కిరించినా. ఎట్ల జెప్పేది?”

“రేయ్, మీ అవ్వ గూడా ఆమా అంటాది గదరా!” అంది వెనకనుంచి లోహిత. గది గొల్లున నవ్వింది. చిన్నబ్బ కూడా నవ్వాడు, చెవులు ఎర్రగా చేసుకుని.

సాయంత్రం పంకజాక్షి వాణ్ణి వెంటబెట్టుకుని చెంగమ్మ ఇంటికి నడిచింది.

“మహితా, నీ పిన్నీసు తెచ్చినా,” అన్నాడు వాడు గడప బయటే నిలబడి.

“మళ్లా ఎక్కిరిస్తావా?”

“ఎక్కిరిస్తే నా పేరు పక్కన ఇంటూలు ఎయ్యి. బోర్డు సాలకపోతే గోడ మీద ఎయ్యి.”

ఆ పిల్ల నవ్వు దాచుకోలేకపోయింది. “మేడంకు కాఫీ పెట్టవ్వా,” అని లోపలికి కేకేసింది. టీసీ మాట చెంగమ్మ మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు సుద్దముక్క వారానికొకరి చేతికి వస్తుంది. మహిత వంతు వచ్చినప్పుడు మొదటి పేరు టీచరుదే రాసింది: ‘పంకజాక్షి మేడం మా ఇంటికి వచ్చినారు.’ దాని కింద ఇంకొకటి: ‘చిన్నబ్బ పిన్నీసు తిరిగి ఇచ్చినాడు. వంకరపోయింది, పర్వాలేదు.’