అక్క ఆమ్లెట్లు వేయని పూట

చట్టసభ క్యాంటీన్‌లో పొయ్యి దగ్గర నిలబడే ఆవిడను సభ్యులంతా అక్క అనే పిలుస్తారు. ఆమెకు తండ్రి వయసున్నవాళ్లకూ అక్కే. భర్త రాళ్ల మిల్లులో దుమ్ము పీల్చి పీల్చి మంచం పట్టాక, గిన్నెలు కడగడానికి చేరి గరిటె దాకా వచ్చింది. ఆయనకిప్పుడు నాలుగు మాటలాడితే ఆయాసం. ఫోన్లో ఔనంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు గోటితో తడతాడు. మొగుడూ పెళ్లాల పోట్లాటలు కూడా అలాగే నడుస్తున్నాయి.

ఆ రోజు సమావేశాలకు ఆఖరి రోజు. దుమ్ము రోగం పట్టిన కార్మికుల వైద్యం ఖర్చు యజమానులే భరించాలన్న బిల్లు మధ్యాహ్నం రావాలి. ఓటింగు దాకా వస్తే నెగ్గడం ఖాయం. అందుకే దాన్ని రానివ్వకూడదని బిల్లు గిట్టని పక్షంలో ఓట్లు కూడగట్టే విప్ ఎత్తు వేశాడు. ముందు రోడ్ల సంగతి చర్చిద్దాం, ఈ బిల్లు చివర చూద్దాం అని ఒక తీర్మానం పెట్టించాడు. చివర అంటే సభ ముగిసి, ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయాకన్నమాట.

ఆ పెద్దమనిషే నవ్వుకుంటూ క్యాంటీన్‌కొచ్చాడు. బిల్లును బలపరిచే సభ్యులు కొందరు అక్కడే కబుర్లలో మునిగి ఉన్నారు.

"అక్కా, వీళ్లందరికీ నా తరఫున ఆమ్లెట్లు వెయ్. తొందరేం లేదు, ఒక్కొక్కటే వెయ్," అని చెప్పి సభలోకి వెళ్లాడు.

ఈ సంగతులన్నీ సభ్యుల నోటే విన్న అక్కకు ఆ ఎత్తు అర్థమై ఒళ్లు మండిపోయింది. అంతలో ఓటు గంట మోగింది. ఒక్కడూ కదల్లేదు.

"గంటండీ!" అంది.

"బిల్లు మీద కాదులే అక్కా. ఏది ముందు, ఏది వెనక అని ఓటు. తినేసి వెళ్తాం," అన్నాడు బట్టతల సభ్యుడు.

గంట ఆగగానే సభ తలుపులు మూసేస్తారు. సభ్యుల వ్యవహారాల్లో వేలు పెడితే ఉద్యోగం ఊడుతుందని ఆమెకు తెలుసు. పెనం మీద నూనె పొగలు కక్కుతోంది. చప్పున పొయ్యి ఆర్పేసింది.

"గ్యాస్ అయిపోయింది. లేవండి, బల్లలు తుడవాలి!"

"ఇదేం దౌర్జన్యం అక్కా?"

"దౌర్జన్యమే! ఇప్పుడు మీరు వెళ్లకపోతే ఆ బిల్లు గడప తొక్కదు. మా ఆయనకు ఊపిరాడటం లేదు బాబూ, లేవండి!"

బట్టతలాయన ఆమె ముఖం చూసి కుర్చీ తోసేసి పరుగందుకున్నాడు. మిగతావాళ్లూ గొణుక్కుంటూ వెనకే పోయారు.

గంట ఆగింది. సభ మాటలు వినిపించే గోడమీది పెట్టె గరగరలాడింది. అక్క తడిగుడ్డను పిండుతూనే ఉంది. ఎంతసేపటికో రోడ్ల తీర్మానం వీగిపోయిందని వినబడింది. గుడ్డ పక్కన పడేసి పొయ్యి మళ్లీ వెలిగించింది.

కాసేపటికి విప్ తిరిగొచ్చాడు. క్యాంటీన్ కమిటీకి పెద్ద కూడా ఆయనే. వెలుగుతున్న పొయ్యి వైపు చూశాడు.

"గ్యాస్ అప్పుడే వచ్చిందా?"

"వచ్చిందండీ. ఆమ్లెట్ వెయ్యనా?"

"రేపట్నుంచి ఇక్కడ కనబడకు," అనేసి వెళ్లిపోయాడు.

అక్క భర్తకు ఫోన్ కలిపి గోడమీది పెట్టె దగ్గర పట్టుకుంది. లోపల బిల్లు చదువుతున్నారు. అవతల దగ్గు కూడా లేదు. ఊపిరి బిగబట్టుకుని వింటున్నట్టున్నాడు.

"వింటున్నావా? నా ఉద్యోగం పోయిందయ్యా," అంది ఫోన్ చెవికి ఆనించుకుని. "తప్పు చేశానా?"

ఆయన రెండుసార్లు తట్టాడు.