అక్క ఉతికేసిన దుప్పట్లు

నిన్న పొద్దున మా కాలనీ బడి పెద్ద టీచరమ్మ ఫోన్ చేసింది. "సార్, పిల్లలకు బొమ్మల పోటీ పెడుతున్నం. అంశం 'పచ్చని మన ఊరు'. మీరు జడ్జిగా వచ్చి, బొమ్మలతోటి లోకాన్ని ఎట్ల మార్చాల్నో పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పాలె" అన్నది. పచ్చని ఊరట! ఆమె ఆ మాట అనేటప్పుడు నేను వాకిట్లో కుర్చీ మీది దుమ్ము తుడుస్తున్నాను. అంతకు గంట ముందే తుడిచిన కుర్చీ అది. మా గోదావరిఖని పిల్లల రంగుల డబ్బాలో అన్నిటికంటే ముందు అరిగిపోయేది ఆకుపచ్చ పెన్సిలే. ఏ పోటీ పెట్టినా చెట్లే గీయిస్తారు మరి. కిటికీలోంచి కనబడే వేపచెట్టు నిజంగా ఏ రంగులో ఉందో చూసి గీసిన పిల్లకు ఇంతవరకు బహుమతి వచ్చినట్టు నాకైతే గుర్తులేదు. వస్తానని చెప్పాను గానీ, ఫోన్ పెట్టేసినప్పటి నుంచి ఒళ్లు మండుతూనే ఉంది.

ఆ మంటలో సగం నా మీదే. నేను గని మీద పెయింటర్‌గా పనిచేసి రిటైరయినవాణ్ని. బొగ్గు మోసే ఇనుప టబ్బుల మీద రేకు అచ్చులు పెట్టి నంబర్లు వేయడం, గోడల మీద జాగ్రత్తలు రాయడం, పెద్ద సార్లు వస్తున్నారంటే నీతి వాక్యాలు రాయడం నా డ్యూటీ. 'పచ్చదనమే మన ఊపిరి' అని ఎన్ని గోడల మీద రాశానో లెక్కలేదు. రాసిన అక్షరాలు వారం తిరగకుండానే దుమ్ములో కలిసిపోయేవి. మళ్లీ సార్లు వచ్చే ముందు రోజు తడిబట్టతో తుడిచి, మళ్లీ రాసేవాణ్ని. అప్పుడు కోపం రాలేదు. నా రాత గుండ్రంగా ఉందని నలుగురూ మెచ్చుకుంటే మురిసిపోయాను కూడా. సిగ్గులేని మురిపెం.

మా అక్క గురించి చెప్పాలి. మంచిర్యాల అవతల వ్యవసాయం ఊరి నుంచి మేమిద్దరం ఈ కాలనీకి వచ్చాం. ఆమె బావను చేసుకుని వచ్చింది, బావ పెట్టించిన కొలువుకు నేను వచ్చాను. ఈ బొగ్గు కాలనీలో ఒక కట్టుబాటుంది. తెల్లబట్టలు బయట ఆరేయరు. కొత్త కోడలు గడప తొక్కిన మర్నాడే అత్త నేర్పే మొదటి పాఠం అదే. అక్కకు ఎవరూ చెప్పలేదో, చెప్పినా వినలేదో గానీ, పెళ్లయిన మొదటి వారంలోనే బావ పెళ్లిధోవతి దర్జాగా దండెం మీద వేసింది. సాయంత్రానికి అది ఏనుగు రంగుకొచ్చింది. "రేపు నీ మామ సచ్చినా కప్పెటందుకు తెల్లధోవతి దొరకదు పో" అని అత్త సాధించిందట. ఆ రోజు నుంచి అక్కకు దుమ్మంటే పగ. ఇల్లు రోజుకు నాలుగుసార్లు ఊడ్చేది. తులసాకులు ఒక్కొక్కటీ తుడిచేది. తెల్లబట్టలు లోపలి గదిలో తలుపులేసి, ఫ్యాన్ కింద ఆరబెట్టి, గుడ్ల మీది కోడిలాగా కాపలా కూచునేది. బావ పోయాక కూడా ఆ పగ పోలేదు. దుమ్ము మాత్రం తన పగ వేరేగా తీర్చుకుంది. ఆమె ఛాతీలోకి దిగింది.

ఓపెన్ కాస్ట్ గని నుంచి మట్టి మోసే టిప్పర్లు మా వీధి రోడ్డు పట్టాక ఆమెకు దగ్గు ఆగలేదు. కాలనీ వెనక చుట్టు రోడ్డు ఉంది. అటు పోతే రెండు మైళ్లు ఎక్కువని కాంట్రాక్టరు టిప్పర్లన్నీ మా గడపల ముందు నుంచే తోలేవాడు. మట్టి మీద టార్పాలిన్ పట్టా కప్పడు, రోడ్డు మీద నీళ్లు చల్లించడు. కాగితాలు పెట్టాం, ఆఫీసుల చుట్టూ తిరిగాం. "మీకే దుమ్మొస్తుందా? మాకు రాదా?" అన్నాడొకాయన, ఏసీ గదిలో కూచుని. దవాఖానలో డాక్టరమ్మ ఒకటే మాట చెప్పింది: "అవ్వకు మందుల కంటే ముందు దుమ్ము బందు కావాలె."

అప్పుడు పూనుకున్నది అక్క మనవరాలు. కొడుకు బిడ్డ, డిగ్రీ చదువుతోంది, నన్ను తాతా అంటుంది. "తాతా, కాగితం సదవనోళ్లు బొమ్మనన్న సూస్తరు గద? నీ రేకు అచ్చుల పని మాకు నేర్పు" అంది. స్నేహితురాళ్లు నలుగురిని వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్లు రంగులు కొంటామంటే నేనే వద్దన్నాను. రంగు ఊరికే రోడ్డు మీదికి వస్తుంటే కొనడం దేనికి? దుమ్ము పట్టుకునేటట్టు ఐదు తెల్ల దుప్పట్లకు చిక్కగా గంజి పెట్టించాను. తడకలకు కట్టి, రోడ్డు వైపు గోడలకు వాల్చాం. వాటి మీద అట్టముక్కలతో కత్తిరించిన బొమ్మలు గుచ్చాం. ఒక దాని మీద వేపచెట్టు, ఒక దాని మీద మేకపిల్ల, ఒక దాని మీద బడిసంచి వేసుకున్న పిల్ల, ఒక దాని మీద సైకిలు. ఐదోదాని మీద అక్కే, పీటమీద కూచుని దగ్గుతున్న అక్క. మనవరాలు ఆమె నీడ చుట్టూ సుద్దతో గీసి కత్తిరించింది. ఇక బొమ్మ వేసే పని టిప్పర్లది. ఇరవై రోజులు వాటిని ముట్టలేదు. అట్ట తీసేస్తే, బూడిదరంగు దుప్పటి మధ్యలో తెల్లటి అక్క! నా బతుకంతా వేసిన అచ్చుల్లో అంత మంచి అచ్చు పడలేదు.

మట్టి కాంట్రాక్టు పొడిగించే ముందు ప్రజలతో మీటింగు పెట్టారు. టిప్పర్లకు పట్టా కప్పాలి, చుట్టు రోడ్డుకు మళ్లించాలి, ఇదే మా అడుగుడు. ముందు రోజు మధ్యాహ్నం దుప్పట్లు విప్పి, అట్టలు తీసి, మడత పడకుండా అక్క ఇంట్లో తాళ్లకు వేలాడదీసి, బండి మాట్లాడటానికి పోయాం. మేం అటు పోగానే, దవాఖానకు పోయిన అక్క ఇంటికొచ్చింది.

మేం తిరిగొచ్చేసరికి లోపలి గదిలో ఫ్యాన్ తిరుగుతోంది. దాని కింద ఐదు దుప్పట్లు మల్లెపూలలాగా మెరుస్తున్నాయి. గుమ్మంలో ఆయాసపడుతూ అక్క కూచుని ఉంది. "మీ బొమ్మలు అల్మర మీద పెట్టిన బిడ్డా, ఒక్కటి గూడ ఇరగలే" అంది. అట్టముక్కలు! బొమ్మలంటే అవే అనుకుంది. వాటిని జాగ్రత్తగా తుడిచి పెట్టి, దుప్పట్లు ఉతికేసింది. నేను నోటికొచ్చినట్టు అరిచాను. పెద్దదని చూడలేదు, రోగిష్టిదని చూడలేదు. "తెల్లారితే మంది వస్తరు, మురికి దుప్పట్లు ఇంట్ల యాలాడేసుకుంటె నన్నేమంటరు రా?" అంది చిన్నబోయి. అరిచినందుకు నన్ను నేను ఇవాళ్టికీ క్షమించుకోలేదు. యాభై ఏళ్లు దుమ్ముతో కొట్లాడిన మనిషి చేతికి దుమ్ము దొరికితే ఇంకేం చేస్తుంది?

మనవరాలు ఏడవలేదు. పెరట్లోకి పోయి చూసింది. పెద్ద టబ్బు నిండా ఉతికిన నీళ్లు, నల్లగా, చిక్కగా. "పారబోయకు నాయనమ్మా. రేపు నువ్వు గూడ రావాలె" అంది.

మర్నాడు ఆ టబ్బును తొణకకుండా ఆటోలో పెట్టుకుని పోయాం. షామియానా, పూలగుత్తులు, వేదిక మీద వరసగా సార్లు, పక్కన తెల్లచొక్కాలో కాంట్రాక్టరు. పిల్లలు ఐదుగురూ టబ్బు మోసుకెళ్లి బల్ల మీద పెట్టారు, వెనక నలుగురు తెల్ల దుప్పట్లు పట్టుకుని నిలబడ్డారు. మనవరాలు మైకు తన నోటి దగ్గర పెట్టుకోలేదు, అక్క నోటి దగ్గర పెట్టింది. అక్క జీవితంలో మైకు ముట్టలేదు. కాసేపు దగ్గింది. ఆ దగ్గు షామియానా అంతా వినబడింది. తర్వాత అంది: "ఇరువై దినాల దుమ్ము సారూ. ఐదు దుప్పట్లది. నేనే ఉతికిన. గుడ్డలకు పట్టింది నేను ఉతుకుత. నా లోపట పట్టింది ఎవరు ఉతుకుతరు?"

మంది లేచి నిలబడ్డారు. డ్యూటీ దిగి వచ్చిన కార్మికులు గొంతెత్తారు, ఆడవాళ్లు కొంగులు బిగించారు. వేదిక మీది సారు ఒకాయన ఏం చేశాడో తెలుసా? చప్పట్లు కొట్టాడు! "యువతలో ఎంత ప్రతిభ!" అన్నాడు. పిల్లలకు తలా ఒక ప్రశంసాపత్రం ఇప్పించాడు. కాలనీ గోడల మీద మంచి మంచి చెట్ల బొమ్మలు వేయమని రంగు డబ్బాలు పంపిస్తానన్నాడు. టిప్పర్ల సంగతి త్వరలో చూస్తామన్నాడు. డబ్బాలు మాత్రం రెండో రోజే వచ్చాయి, అన్నీ ఆకుపచ్చే. మనవరాలు మూత తీయకుండా తిప్పి పంపింది. ఆ తర్వాత ఆ ఐదుగురూ ఊరుకోలేదు. కొత్త దుప్పట్లు వాల్చారు, వీధి వీధికీ అచ్చులు నేర్పారు. ఆఫీసు గేటు ముందు నెలకోసారి వాటిని ఉతికి, నల్లనీళ్ల టబ్బులు అక్కడే వదిలి వచ్చారు. ఎక్కడో ఉన్న బొగ్గుగనుల ఊరు గోలేటి నుంచి కూడా పిల్లలొచ్చి నేర్చుకుని పోయారు.

టిప్పర్లు చుట్టు రోడ్డు పట్టాయి. పట్టాలు కూడా కప్పుతున్నారు. దుమ్ము పూర్తిగా పోలేదు గానీ, సగానికి తగ్గింది. అది ఆ పిల్లల గెలుపు, కాదనను. కానీ ఆ సారు 'త్వరలో' అన్న మాట నిజం కావడానికి పదకొండు నెలలు పట్టింది. మా అక్క దగ్గర ఉన్నవి తొమ్మిదే.