రెండో వరస చివరి మనిషి

కూమ్‌లాస్ లోయలో బేనన్ ఇంటిపేరువాళ్ళు బోలెడుమంది. హేడన్ అనే పేరున్నవాళ్ళకీ కరువు లేదు. అందుకని హేడన్ బేనన్‌ని ఊరంతా 'రొట్టెల హేడన్' అంటుంది. ఆయన రొట్టెల దుకాణం మూతబడి చాలా ఏళ్ళయినా పేరు మాత్రం ఆయన్ని అంటిపెట్టుకునే ఉంది. తెల్లజుట్టు, దళసరి కళ్ళద్దాలు, గుబురు మీసం. డెబ్బై దాటిన కూమ్‌లాస్ మగవాళ్ళలో సగంమంది అచ్చం ఇలాగే ఉంటారన్న సంగతి ఆయనకెప్పుడూ తట్టలేదు. పుట్టిన ఊళ్ళోనే ముసలివాడైన మనిషికి తన ముఖం తనదేనన్న ధీమా ఉంటుంది. ఆ ధీమా కాస్తా ఒక శనివారం మధ్యాహ్నం నగరంలో సడలిపోయింది.

కూమ్‌లాస్ మగవాళ్ళ క్వాయర్‌లో, అంటే పాటల బృందంలో, హేడన్‌ది మంద్రంగా పాడే కింది గొంతు. నిలబడేది రెండో వరస చివర. అంతకుముందు ఆ చోట ఆయన నాన్న నిలబడేవాడు. అంతర్జాతీయ రగ్బీ మ్యాచ్ ఉన్నప్పుడల్లా ఆట మొదలయ్యే ముందు మైదానంలో ఏదో ఒక లోయ క్వాయర్ పాడుతుంది. పక్క లోయవాళ్ళకి రెండుసార్లు ఆ అవకాశం వచ్చింది. ఆ సంగతి ఎత్తితే కూమ్‌లాస్‌లో ఇప్పటికీ పళ్ళు నూరతారు. ఇన్నాళ్ళకు, స్కాట్లండ్‌తో మ్యాచ్ రోజున, కూమ్‌లాస్ వంతు వచ్చింది. మళ్ళీ వంతు వచ్చేసరికి వరసలో ఎంతమంది మిగులుతారో తెలియని వయసు అందరిదీ.

హేడన్ భార్య మైర్వెన్ వీధి వీధంతా చాటింపు వేసింది. ఆడవాళ్ళందరూ రగ్బీ క్లబ్బులో గోడకున్న పెద్ద టీవీ ముందు కూర్చుని చూడాలని ఏర్పాటు.

"కెమెరా మీదకొస్తే గడ్డం పైకెత్తు" అంది పొద్దున్నే టై ముడి సర్దుతూ. "దించావంటే నీకు మెడ ఉన్నట్టే కనబడదు."

"పాడమన్నారా, మెడ చూపించమన్నారా?"

"రెండూ చెయ్యి. నేను మెడ చూసే చేసుకున్నాను."

క్లబ్బులో టీ, బేకన్ పెట్టిన రొట్టె ముగిశాక బస్సు హారన్ మోగింది. క్వాయర్ బ్లేజర్లన్నీ ముదురు ఎరుపే, అన్నీ ఒకే దర్జీ కుట్టినవే. తలుపు పక్కన కొక్కేలకు తగిలించి ఉన్నాయి. చేతికి అందినది తొడుక్కుని ఎక్కడం అక్కడి అలవాటు. భుజాలు మరీ పట్టేస్తే అప్పుడు మార్చుకుంటారు. హేడన్‌కి భుజాలు పట్టెయ్యలేదు. బస్సెక్కాక క్వాయర్ నడిపే నెరిస్ లేచి నిలబడింది. అందరికంటే వయసులో చిన్నది, అందరూ భయపడేదీ ఆమెకే.

"ఫోన్లన్నీ ఇప్పుడే ఆపెయ్యండి. పోయినసారి కీర్తన మధ్యలో ఎవరి జేబు మోగిందో నేను చెప్పను, ఎల్వెడ్‌ని చూడను కూడా చూడను. రెండింటికల్లా స్టేడియం వెనక గేటు దగ్గరుండాలి. ఆలస్యమైతే గేటు మూసేస్తారు. ఆగేది లేదు."

ఎల్వెడ్ పార్ఫిట్ కిటికీలోంచి గొర్రెల్ని చూస్తూ కూర్చున్నాడు.

నగరానికి వెళ్ళడం హేడన్‌కి పెళ్ళికి వెళ్ళడంలాంటిది. బయల్దేరేటప్పుడు ఎంత హుషారో, వెళ్ళాక కొత్త చెప్పులు కరిచినట్టు అంత బాధ. బస్సు దిగగానే జనం, ఎర్ర జెర్సీలు, తలకి డాఫొడిల్ పూల టోపీలు, పావడాల్లో స్కాట్లండ్ వాళ్ళు, ఎక్కడో బ్యాండు. ఆయన గుండె పొంగింది. పది అడుగులేశాక కాఫీకి ఆగితే "డబ్బు తీసుకోమండీ, కార్డే" అన్నారు. మూత్రానికి వెళ్దామంటే "ఏదైనా కొన్నవాళ్ళకే" అన్నారు. మైర్వెన్‌కి పెళ్ళి టోపీ కొన్న పెద్ద దుకాణం ఉన్నచోట అద్దాల మేడలు లేచాయి. అందులో ఎవరుంటారో, ఉన్నవాళ్ళు టోపీలు ఎక్కడ కొంటారో ఆయనకి అంతుపట్టలేదు.

మార్కెట్టు మాత్రం కదల్లేదు. లోపల సముద్రపు గుల్లలమ్మే దుకాణం ఉంది. నగరానికొచ్చిన ప్రతిసారీ ఆయన అక్కడ ఒక డబ్బా ఉడికిన గుల్లలు కొని, మిరియాల పొడి చల్లి, వెనిగర్ పోయించుకుని పుల్లతో గుచ్చి తింటాడు. ఆ ఒక్క రుచి కోసం మిగిలిన చికాకులన్నీ భరించవచ్చని ఆయన లెక్క.

"ఏం ట్రెవర్, బాగున్నావా?" అంది దుకాణం ఆవిడ. ఏటా ఆవిడ ఆయన్ని ట్రెవర్ అనే పిలుస్తుంది. మొదటిసారి దిద్దలేదు. ఇన్నేళ్ళ తర్వాత దిద్దితే బాగుండదు.

"బాగున్నాను తల్లీ. వెనిగర్ దండిగా పొయ్యి."

సగం తిని, మిగతాది పాడాక తిందామని మూత బిగించి జేబులో పెట్టుకున్నాడు. మూత సరిగ్గా బిగుసుకోలేదు.

స్టేడియం వైపు వెళ్ళే వీధిలో తెల్లటి వ్యాను ఆగి ఉంది. దాని నెత్తిన కర్రకి కెమెరాలు. పక్కన బోర్డు మీద చిన్న అక్షరాల్లో ఏదో రాసి ఉంది గాని, ఆయన చదివే కళ్ళద్దాలు క్లబ్బులోనే ఉండిపోయాయి. టీవీవాళ్ళ వ్యానని ఆయన నిశ్చయించుకున్నాడు. మైర్వెన్ మాట గుర్తొచ్చింది. టై సర్దుకున్నాడు. కెమెరా వైపు తిరిగి, గడ్డం పైకెత్తి, నిండుగా నవ్వి నాలుగడుగులు వేశాడు. ఆ వీధిలో ఆ వ్యానుకి అంత చక్కగా ముఖం చూపించినవాడు ఆ రోజు మరొకడు లేడు.

కుర్ర పోలీసొకడు పరుగున వచ్చాడు. "సార్, ఒక్క నిమిషం ఆగుతారా?"

"ఇక్కడే పాడమంటారా?"

"పాడటమా?" కుర్రాడు తడబడ్డాడు. "కాదు సార్. మీరు క్రెయిగ్ మాస్‌ఫర్డా?"

"వాడెవడు నాయనా?"

వెనక నుంచి సార్జెంటు వచ్చింది. పొట్టి మనిషి, ఓపికగల ముఖం. ఆ వ్యాను దారిన పోయేవాళ్ళ ముఖాలు చూసి, పోలీసులు వెతుకుతున్నవాళ్ళతో పోల్చుతుందని చెప్పింది. క్రెయిగ్ మాస్‌ఫర్డ్ మ్యాచ్ రోజుల్లో దొంగ టికెట్లు అమ్ముతాడట. చేతిలో తెర మీద ఫొటో చూపించింది.

"వీడు నాకంటే చాలా చిన్నవాడు కదమ్మా."

"పాత ఫొటో సార్."

"జుట్టు నల్లగా ఉంది."

"తర్వాత నెరిసి ఉండొచ్చు."

"మీసం లేదు."

"పెంచి ఉండొచ్చు కదా సార్."

హేడన్ మళ్ళీ ఫొటోలోకి చూశాడు. కళ్ళ దగ్గర ఏదో ఉంది. తన పెళ్ళినాటి ఫొటోలో కూడా ఇలాగే, ఎవరో అప్పడిగినట్టు చూస్తూ ఉంటాడు. ఈమె చెప్పినట్టు జుట్టు నెరిసి, మీసం పెంచి, ఏళ్ళు గడిస్తే వీడు ఎవరైనా కావచ్చు. తను కూడా కావచ్చు.

"నేను హేడన్ బేనన్‌ని. కూమ్‌లాస్. ఇదుగో బస్సు పాసు, ఫొటో కూడా ఉంది" అని జేబులోంచి తీసి, చదివే కళ్ళద్దాలు లేవు గనక చూడకుండానే ఇచ్చాడు.

కుర్రాడు పాసు చూశాడు, ఆయన్ని చూశాడు, మళ్ళీ పాసు చూశాడు. "ఎల్వెడ్ పార్ఫిట్ అని ఉంది సార్."

"ఎల్వెడా? ఎల్వెడ్ వేరే మనిషి."

"ఫొటో మీదే కదా?"

హేడన్ పాసుని చెయ్యి చాచినంత దూరం పట్టుకున్నాడు. తెల్లజుట్టు, కళ్ళద్దాలు, మీసం. "కాదు" అన్నాడు. అన్న తర్వాత ఆ మాట తనకే గట్టిగా వినబడలేదు. "ఇది వాడి బ్లేజరు. కొక్కెం దగ్గర మారిపోయింది."

"రెండో జేబులో ఏముంది సార్?"

రెండో జేబులో గొంతు బిళ్ళలు, వెనిగర్ కారుతున్న డబ్బా, తడిసిన టికెట్ల కట్ట. కుర్రాడి కళ్ళు మెరిశాయి.

"టికెట్లు!" అన్నాడు.

"లక్కీ డ్రావి. క్వాయర్ ఖర్చులకి అమ్ముతాం. మాంసం బుట్ట బహుమతి. ఎల్వెడ్ ఎక్కడికెళ్ళినా అమ్ముతూనే ఉంటాడు. మొన్న సమాధుల దగ్గర కూడా అమ్మాడు."

సార్జెంటు ఒక టికెట్ చించి, వాసన చూసి, దాని మీద రాసింది చదివింది. "మాంసం బుట్టే" అంది నీరసంగా. "క్వాయర్‌లో ఎవరికైనా ఫోన్ చెయ్యండి సార్. మీరెవరో చెప్పమందాం."

ఆయన ఫోను, పొద్దున ఇంట్లోనే ఆపేసి పెట్టుకున్నది, ఆయన బ్లేజర్లో ఉంది. ఆ బ్లేజరు ఎల్వెడ్ ఒంటి మీద ఉంది. నెరిస్ భయంతో ఆ ఫోను, క్వాయర్‌లో అందరి ఫోన్లూ చచ్చినట్టు ఆగి ఉన్నాయి. ఇంటి నంబరు మాత్రం నోటికొచ్చు. కుర్రాడు చేశాడు. ఇంట్లో మోగి మోగి ఆగింది. మైర్వెన్ క్లబ్బులో, మొదటి వరస కుర్చీలో, ఈయన ముఖం కోసమే ఎదురుచూస్తూ కూర్చుని ఉంటుంది.

"రెండు కావస్తోందమ్మా" అన్నాడు. "రెండింటికి గేటు మూసేస్తారు. అరిచినా తియ్యరు. దయచేసి..."

"వేలిముద్రలు చూద్దాం సార్. క్షణంలో తేలిపోతుంది."

తేలలేదు. ముప్పై ఏళ్ళు వేడి పళ్ళేలు పట్టిన వేళ్ళు అవి, నున్నగా అరిగిపోయి ఉన్నాయి. పైగా వెనిగర్‌లో నాని ముడతలు పడ్డాయి. కుర్రాడు తన మఫ్లరుతో తుడిచి, ఊది, మళ్ళీ నొక్కించాడు. మళ్ళీ తుడిచాడు. వాళ్ళెవరూ కసరలేదు, కేకలెయ్యలేదు. ఇద్దరూ మర్యాదస్తులే. అదే ఇబ్బంది. కసిరినవాడి మీద తిరగబడొచ్చు గాని, క్షమించమంటూ చెయ్యి పట్టుకున్నవాడి నుంచి చెయ్యి లాక్కోవడం ఎలాగో హేడన్‌కి తెలియదు.

చివరికి వేలిముద్రల యంత్రం నుంచి చిన్న కూత వచ్చింది.

"మీరు క్రెయిగ్ కాదు సార్" అన్నాడు కుర్రాడు సంబరంగా.

"మరి నేనెవర్నట?"

"అది దానికి తెలియదు సార్. మీ వేలిముద్రలు దాని దగ్గర లేవు."

"సారీ సార్, పోలిక అలా కుదిరింది" అంది సార్జెంటు. కుర్రాడు సిగ్గుపడి లక్కీ డ్రా టికెట్ ఒకటి కొన్నాడు.

హేడన్ మోకాళ్ళ నొప్పి మరిచి పరుగెత్తాడు. గేటు మూసేసి ఉంది.

"క్వాయర్ లోపలికెళ్ళిపోయింది పెద్దాయనా" అన్నాడు కాపలావాడు.

"నేను క్వాయరే. బ్లేజరు చూడు!"

"చూశాను. పేరు?"

అంతకుముందు అరగంటలో ఆ ప్రశ్నకి హేడన్ చెప్పిన జవాబు ఒక్కటీ పనిచెయ్యలేదు.

"కూమ్‌లాస్ లెక్క సరిపోయిందట, లోపల నుంచి చెప్పారు" అన్నాడు కాపలావాడు జాలిగా. "ఇక ఎవరూ రావాల్సిన పని లేదు."

లెక్క ఎలా సరిపోయిందో బుర్రకెక్కలేదు. ఎదురుగా పబ్బు బయట పెద్ద తెర పెట్టారు. జనంలో తోసుకుంటూ వెళ్ళి నిలబడ్డాడు. స్టేడియం లోపలి నుంచి పాట ముందు గాలిలో వచ్చింది, కాస్త ఆగి అదే పాట తెర మీద వచ్చింది. కింది గొంతులు కాస్త పలచగా ఉన్నాయి. చుట్టూ ఉన్నవాళ్ళు గ్లాసులు దించి పాడటం మొదలుపెట్టారు. హేడన్ కూడా తన భాగం ఎత్తుకున్నాడు.

కెమెరా మొదటి వరస దాటి రెండో వరసలోకి వెళ్ళింది. మెల్లగా చివరికొచ్చి ఆగింది. అక్కడ ఒక మనిషి గడ్డం పైకెత్తి, కళ్ళు తడిసి, నోరు నిండా తెరిచి పాడుతున్నాడు.

'బాగానే పాడుతున్నాను' అనుకున్నాడు హేడన్.

ఆ మనిషి ఎల్వెడ్ అని తెలియడానికి ఒక చరణం పట్టింది.

సాయంత్రం బస్సులో అందరూ మీద పడ్డారు. "ఎక్కడికి చచ్చావురా? గుల్లల దుకాణంలో నిద్రపోయావా?" ఆయన చెప్పింది సగంమంది నమ్మలేదు. మిగతా సగం నవ్వడంలో మునిగి వినలేదు.

"వరసలో ఖాళీ కనబడితే పన్ను ఊడినట్టుంటుందని నెరిస్ నన్ను వెనక్కి తోసి, లెక్క సరిపోయిందని గేటువాళ్ళకి చెప్పేసింది" అన్నాడు ఎల్వెడ్. "నాది పై గొంతురా, అక్కడ నిలబడి నోరు ఆడించానంతే. ముందు నా బ్లేజరు ఇలా తే. ఛీ, జేబంతా వెనిగర్ కంపు కదరా! నా టికెట్లేం చేశావు?"

"ఒకటి పోలీసుకి అమ్మాను" అన్నాడు హేడన్, సొంత బ్లేజరు తొడుక్కుంటూ.

ఇంట్లో మైర్వెన్ తలుపు తీసి ఉంచింది. ఆయన గడపలో ఉండగానే మెడ చుట్టూ చేతులేసింది.

"చూశాను! అందరం చూశాం! క్లబ్బంతా లేచి నిలబడింది. గడ్డం ఎత్తావు, నా మాట విన్నావు! నేను ఏడ్చేశాను. అది చూసి పక్కింటి ఓల్వెన్ కూడా ఏడ్చింది. దాని మొగుడు పోయినప్పుడు కూడా అది ఏడవలేదు. ఇదుగో చూడు."

ఫోను చేతికిచ్చింది. గోడ టీవీకి తీసిన ఫొటో, రెండో వరస చివరి మనిషిని పెద్దది చేసి ఉంది.

"ఇది..." అన్నాడు హేడన్.

"ఇది ఫ్రేము కట్టిస్తాను. మీ నాన్న ఫొటో పక్కన పెడతాను."

"మైర్వెన్, ఇది నేనేనా?"

"నిన్ను నేను గుర్తుపట్టనా? ఇన్నేళ్ళు కాపరం చేసి?"

ఆయన ఫొటోని దగ్గరగా చూశాడు, దూరంగా చూశాడు. కాదని తెలుసు. పబ్బు బయట నిలబడ్డవాడే తను. అయినా ఈ ఇంట్లో, ఈ వీధిలో, క్లబ్బులో అందరూ చూసినవాడు ఈ ఫొటోలో ఉన్నాడు. పబ్బు బయట ఉన్నవాణ్ణి ఎవరూ చూడలేదు.

మైర్వెన్ బ్లేజరు విప్పించి కొక్కేనికి తగిలించబోతూ ఆగింది. జేబు దగ్గర ముక్కు పెట్టింది. మొహం చిట్లించి మళ్ళీ వాసన చూసింది.

"ఇదేంటి? నగరం నుంచి వచ్చిన ప్రతిసారీ ఇది వెనిగర్ కంపు కొడుతుంది, రెండు రోజులు ఆరేస్తాను. ఈసారి గుల్లలు తినలేదా?"

"తిన్నాను."

"మరి వాసనేది?"

ఆమె బ్లేజరుని చూసింది. ఆయన్ని చూసింది. టేబులు మీదున్న ఫోను వైపు చూసి, మళ్ళీ ఆయన ముఖం మీదకే వచ్చింది. ఆ చూపు హేడన్ ఆ రోజు ఒకసారి ఎరిగినదే, కుర్ర పోలీసు పాసు పట్టుకుని చూసిన చూపు.

"కూర్చో" అన్నాడు. "టీ పెడతాను. చెప్తాను."

కెటిల్‌లో నీళ్ళు పోసి మీట నొక్కాడు. వ్యాను దగ్గర మొదలుపెట్టాలో, కొక్కెం దగ్గర మొదలుపెట్టాలో తేలకముందే నీళ్ళు మరిగిపోయాయి.