ఏకాదశి పేలాల్లో ఉప్పు

మొన్న మా మనవరాలు పాప్‌కార్న్ పొట్లం ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "అమ్మమ్మా, చూడు, మీఠా భీ, నమ్‌కీన్ భీ! నయా ఆయా హై," అంది. కొత్తగా వచ్చిందట! నాకు ఒళ్లు మండిపోయింది. తీపిలో ఉప్పు కలిసిన పేలాలు బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో, ఎనభైల మొదట్లో, నాకు పదేళ్లప్పుడే పుట్టాయి. మెచ్చుకోలు మాట దేవుడెరుగు, నా వీపు విమానం మోత మోగింది.

నాన్న గతౌరా స్టేషన్లో డ్యూటీ దిగి వస్తూ ఎండు మొక్కజొన్న గింజలు తెచ్చేవారు. తొలి ఏకాదశికి మా శ్రీకాకుళం వైపు జొన్న పేలాలు చేస్తారు. ఇక్కడ దొరికేది మొక్కజొన్న, దేవుడేమీ అనుకోడని మామ్మ తీర్మానం. మామ్మ అంటే నాన్న తల్లి. బొగ్గుల సిగిడీ మీద మూకుడు పెట్టి, గింజలు వేసి, పళ్లెం బోర్లించి, చెవి ఒగ్గి కూర్చునేది. టపటపలు నెమ్మదించగానే దించెయ్యాలి, ఆగితే మాడు కంపు. సగం పేలాలకి ఉప్పూ పసుపూ, అవి పిల్లలకి. తక్కినవి బెల్లం పాకంలో, అవి దేవుడికి. ఏకాదశి పూట మామ్మ ఉప్పు ముట్టదు, దేవుణ్ణీ ముట్టనివ్వదు.

ఆ ఏడు మామ్మకి చూపు మందగించింది. అంతకు నెల ముందే చెయ్యి కాల్చుకుంది. "ఇంకోసారి ఏదైనా అయితే పొయ్యి దగ్గరకి రావొద్దమ్మా," అని నాన్న గట్టిగా చెప్పేశారు. వండకుండా కూర్చుని తినడం కన్నా చావు నయమని మామ్మ రెండు రోజులు ఏడ్చింది.

పాకం కరకరలాడాలని మామ్మ చెంచాడు పంచదార వేసేది. అలమరలో ఉప్పుకీ పంచదారకీ ఒకేలాంటి డబ్బాలు. ఆమె చెయ్యి ఉప్పు డబ్బాలోకి వెళ్లడం ఈ రెండు కళ్లతో చూశాను. మామ్మకి వంట నేర్పేటంత దాన్నా నేను? నోరు మూసుకున్నాను. నైవేద్యం అయింది, నాన్న నోట్లో వేసుకుని ఆగిపోయారు.

"ఏటిది, ఉప్పు?"

"ఓలమ్మో! దేవుడికి ఉప్పెట్టీసినామా! ఎవులేసినారే?" మామ్మ చెంపలు వేసుకుంది.

"నువ్వే ఏసినావు మామ్మా," అన్నాను.

అమ్మ చెయ్యి నా వీపు మీద ఫెళ్లున పడింది. "పెద్దోల మీదకి తోసెత్తావేటే? ఇదే ఏసిందండీ, నాను సూసినాను."

సూసిందట! ఎంత నిబ్బరంగా ఆడింది ఆ అబద్ధం! ఆ సాయంత్రం అందరూ దయాల్‌బంద్‌లో పెద్దమ్మ ఇంటికి వెళ్లారు, నన్ను తప్ప. చుట్టాలందరిలో నేను 'ఉప్పు గుంట'నైపోయాను, గుంట అంటే మా వైపు ఆడపిల్ల. నా పెళ్లి పీటల దగ్గర కూడా ఎవరో ఆ పేరుతోనే పిలిస్తే పెళ్లికొడుకు కిసుక్కున నవ్వాడు. ఇదేం న్యాయమండీ? పైగా ఆ పేలాల పళ్లెం నాన్న ఒక్కరే ఖాళీ చేశారు.

మర్నాడు చూస్తే ఉప్పు డబ్బా మెడకి ఎర్ర దారం కట్టి ఉంది. తడిమితే చేతికి తెలిసేటట్టు, ముడి మీద ముడి వేసి. అంటే అమ్మకి అంతా తెలుసన్న మాట! తెలిసే కొట్టింది! నా కోపం రెట్టింపయింది. మామ్మ మాత్రం ఆ తరవాత నాలుగేళ్లు ఆ పొయ్యి దగ్గరే వండింది. మళ్లీ ఒక్కసారీ ఉప్పు తప్పలేదు.

మనవరాలు పేలాలు నములుతూ వంటింట్లోకి వెళ్లి, "ఉప్పు సీసాకి ఈ రబ్బర్ బ్యాండ్ క్యోం, అమ్మమ్మా?" అని అరిచింది.

"ఊరికేనే," అన్నాను. రెండు నెలలైంది అది వేసి, మా అమ్మాయికి చెప్పలేదు. రేపు నా చెయ్యి తప్పితే, ఈ పిల్ల నిజం చెబితే, మా అమ్మాయి ఏం చేస్తుందో మరి. ఇన్నేళ్లూ దెబ్బ తిన్న పిల్ల పక్కనే కూర్చుని పోట్లాడాను. ఈ మధ్యే, నాకు తెలియకుండానే, మామ్మ పక్కకి జరిగాను.