సిపాయి గంజు, నా చింతపండు

దగ్గరికి రండి, చాప మీదికి జరిగి కూర్చోండి. చేతిలో చిక్కుడుకాయలుంటే ఉండనీయండి, ఈనెలు తీసుకుంటూనే వినొచ్చు. నేను చదివింది మూడో తరగతి (అది కూడా పూర్తి కాలేదని మా తమ్ముడు అంటాడు, వాడి మాట వదిలేయండి). రాయడం ఆలస్యం గానీ, చూసింది మరిచిపోవడం మాత్రం నాకు రాదు. ఆ రోజుల్లో కొత్త కోడలికి పరీక్ష పెట్టేది పంతులు కాదు, పొయ్యి. ఆ పరీక్షలో నేను రోజుకు రెండుసార్లు తప్పేదాన్ని. జమ్మికుంట దిక్కు పిల్లను, చెన్నూరు అవతల గోదావరి ఒడ్డు ఊరికి కోడలినై వచ్చాను. మా ఆయన బొగ్గుబాయిలో పనికి పోయి వారానికోసారి ఇల్లు చేరేవాడు. మిగిలిన దినాలు ఇంట్లో నేను, మా అత్త, ఆరు కోళ్లు. జొన్నరవ్వతో గట్క వండటం పెద్ద విద్యేమీ కాదు. ఎసరు మరిగాక రవ్వ పోసి, దగ్గర పడేదాకా తెడ్డుతో కలుపుతూ ఉండాలి, అంతే. ఆ కలుపుతూ ఉండటమే నాతో అయ్యేది కాదు. మంట చూడగానే నన్ను కన్న మా అవ్వ గుర్తుకొచ్చేది. ఇప్పుడు ఏం చేస్తుందో, పత్తి ఏరి ఇంటికొచ్చిందో లేదో, నా జడపిన్నులు ఎవరికిచ్చిందో అనుకుంటూ కూర్చుంటే తెడ్డు ఆగిపోయేది. ముక్కుకు వాసన తగిలేసరికి వాకిట్లోంచి అత్త కేక వినబడేది.

"ఓ పిల్లా! పొయ్యి మీద గట్క పెట్టినవా, బొగ్గుల బట్టీ పెట్టినవా?"

మాడు గీకి కోళ్లకు వేసేదాన్ని. అవి ఒక్కసారి పొడిచి, తల పక్కకు తిప్పి, నా దిక్కు చూసి పోయేవి. మా అత్త దానికీ ఒక మాట అనేది. "కోళ్లు గూడ పరేషానైతున్నయి నీ వంటకు."

ఆ ఎండాకాలమే మా ఊరి గుట్ట మీది పాత ఖిల్లాలో తవ్వకాలు మొదలయ్యాయి. ఎప్పుడూ నెత్తిన పెద్ద టోపీ పెట్టుకొని ఉండే సారు ఒకాయన పట్నం నుంచి వచ్చి, బురుజు కింద డేరా వేసి, ఊళ్లో ఆడవాళ్లను, మగవాళ్లను పనికి పిలిచారు. టోపీ సారు అనే పేరు మేమే పెట్టాం. ఊరంతా బంగారం దొరుకుతుందనే పోయింది. మొదటి వారం దొరికినవేమిటంటే గుర్రం నాడాలు, పళ్లూడిన దువ్వెన, పొగ తాగే మట్టిగొట్టం, ఒక మంగలికత్తి. వాటిని చూసి టోపీ సారు పెళ్లికొడుకు లాగా మురిసిపోయేవారు. "రాజుల సొమ్ములు అందరూ చూస్తరమ్మా. సిపాయిలు ఎట్ల బతికిన్రో ఎవలూ రాయలే. గీ దువ్వెనే చెప్పాలె" అనేవారు. ఒకనాడు గచ్చు మీద గళ్లు గీసి ఉన్న ఇటుక బయటపడింది, పక్కన నాలుగు గవ్వలు. తట్ట మోస్తున్న మా అత్త ఆగి, వంగి చూసి తేల్చేసింది.

"అష్టాచెమ్మ! ఖిల్లాకు కావలి ఉండుండ్రి రా అంటే గీ ముచ్చట చేసిండ్లు. గందుకే పోయింది ఖిల్లా."

సారు పకపకా నవ్వి, దాన్ని కూడా తన పుస్తకంలో రాసుకున్నారు.

నేను మొదట తట్టలే మోశాను. ఒకరోజు మట్టిపెంకులు కడిగే మనిషి రాకపోతే నన్ను కూర్చోబెట్టారు. మెత్తటి బ్రష్షుతో ఒక్క పెంకూ చిట్లకుండా కడిగాను. "చేయి మంచిగున్నదమ్మా, ఇగ నువ్వు ఇక్కడ్నే ఉండు" అన్నారు సారు. డేరా నీడ, కుండలో చల్లని నీళ్లు, కూర్చొని చేసే పని! మా ఊళ్లో ఎండ మీకు తెలియదు, బండ మీద నీళ్లు చల్లితే చెమ్మ కూడా మిగలదు. పైగా పెళ్లయి వచ్చాక నా చేయి మంచిదని అన్న మొదటి మనిషి ఆయన. ఆ నీడ కంటే ఆ మాటను నేను ఎక్కువ కాపాడుకున్నాను.

ఇరవై రోజులకు, సిపాయిలు ఉండే అర్రల్లో ఒక మూల మూడు పొయ్యిరాళ్లు కనబడ్డాయి. వాటి పక్కన బోర్లా పడి ఉంది రాగి గంజు, నలుగురికి వండే పెద్ద గిన్నె. బయటంతా పచ్చటి చిలుము, లోపల అడుగున వేలు మందం నల్లటి మాడు. టోపీ సారు దాన్ని రెండు చేతులా పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి తెచ్చి, నా ముందు బల్ల మీద పెట్టి, తన దగ్గర చదువుకునే పిల్లవాడితో ఇంగ్లీషులో గడగడా చాలాసేపు మాట్లాడారు. నాకు అర్థమైంది ఒక్కటే, ఈ గంజు ఆయనకు ప్రాణం. తర్వాత నాతో, "రేపు హైదరాబాద్ నుంచి పెద్దసారు వస్తుండు. దీన్ని సూడనీకే వస్తుండు. భద్రమమ్మా" అని చెప్పి, ఆ పిల్లవాణ్ని వెంటబెట్టుకొని చెన్నూరు పోయారు.

మధ్యాహ్నం సద్ది తినడానికి మా అత్త డేరాలోకి వచ్చింది. గంజు చూసి ముద్ద నోట్లో పెట్టుకోకుండానే ఆగిపోయింది.

"గిదేంది? గీ మాడు గంజును గిట్లనే పెద్దసారు ముందల పెడ్తరా?"

"సారు భద్రమన్నడత్తా."

"భద్రమంటే మసితోని ఉంచుమన్నట్టా? ఇంటికి మనిషొస్తుండంటే మనం అడుగంటిన గిన్నె ముందర పెడ్తమా? కడిగే దానివి నువ్వే గద. రేపు ఆ పెద్దమనిషి, గీ ఊరి ఆడోళ్లకు గిన్నె తోముడు రాదా అనడా?"

నిజమే అనిపించింది. దసరాకు ఇత్తడంతా అటక మీది నుంచి దింపి ముఖం కనబడేలా తోమే ఇల్లు మాది. (వంటలో తప్పిన కోడలు తోమడంలోనైనా పాసవ్వాలి కదా!) అత్త తన కొంగు ముడిలోని చింతపండు కూడా ఇచ్చింది. గంజులో నీళ్లు పోసి నానబెట్టాను. మాడు మెత్తబడ్డాక కొబ్బరిచిప్పతో గీకితే పెళ్లలు పెళ్లలుగా వచ్చింది. అలవాటైన చెయ్యి, వాటిని మోదుగాకులో మూటకట్టి కోళ్లకని అత్త చేతిలో పెట్టాను. ఆమె ఆకు మూట పట్టుకొని ఇంటికి పోయింది. నేను చింతపండు, పొయ్యిబూడిద కలిపి తోమడం మొదలుపెట్టాను. చిలుము కిందనుంచి రాగి ఎర్రగా, పొద్దు పొడిచినట్టు వచ్చింది చూడండి! లోపలంతా అయింది, బయట ఒక సగం అయింది. అంతలో చింతపండు అయిపోయింది. ఇంకొంచెం ఎవరినడుగుదామా అనుకుంటుండగా, ఎండ వాలేవేళకు జీపు వచ్చి ఆగింది.

టోపీ సారు దిగి, బల్ల మీద మెరుస్తున్న గంజును చూశారు. నేను మెచ్చుకుంటారని కొంగు సర్దుకొని నిలబడ్డాను. ఆయన టోపీ తీశారు. ఆయనది బట్టతల అని మాకు ఆనాడే తెలిసింది.

"దీనిల మాడు ఉండె... ఏదమ్మా?"

"తీసేసిన సారూ. జర కష్టమైంది గానీ, సుద్దంగ పోయింది."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. తిట్టలేదు, అందుకే నాకు భయమేసింది. నెమ్మదిగా చెప్పారు. గంజులు చాలా ఖిల్లాల్లో దొరుకుతాయట. అడుగున వండింది మాడి అట్లాగే నిలిచిన గంజు దొరకడమే కష్టమట. సిపాయిలు తిన్నది బియ్యమా, జొన్నలా, వేరే ఏమన్నానా అన్నది ఆ మాడులోనే ఉందట. పెద్దసారు వస్తున్నది గంజు కోసం కాదు, దాన్ని పరీక్షకు తీసుకుపోవడానికట. "గీ ఒక్కదాని కోసం పదేండ్లు తిరిగిన తల్లీ" అన్నారు. నీడ పోతే పోనీ, చేయి మంచిదన్న ఆ మాట పోయింది, ఆయన పదేళ్లూ నా చింతపండులో పోయాయి. అంతలో ఆకు మూట గుర్తొచ్చింది.

"సారూ, పారెయ్యలే! మాడు ఉన్నది! మా అత్త కోళ్లకు కొంచవొయింది!"

ఆ పరుగు ఇప్పటికీ మా ఊరివాళ్లు చెప్పుకుంటారు. ముందు నేను, వెనక టోపీ లేని సారు, ఆయన వెనక చీటీల సంచితో ఆ పిల్లవాడు, మా వెనక ఏం జరిగిందో తెలియని పనివాళ్లందరూ. వాకిట్లో అడుగుపెట్టేసరికి మా అత్త గడప మీద కూర్చొని ఉంది. ఆకు విప్పి మట్టిలో పరిచి ఉంది. చుట్టూ ఆరు కోళ్లు.

"తిన్నయా అత్తా?" అని అరిచాను.

"యాడ తింటయి? ఒక్కసారి పొడిసి సూసి, నీ వంటే అనుకొని పక్కకు వొయినయి."

మాడు పెళ్లలన్నీ అట్లాగే ఉన్నాయి. సారు ఆ మట్టిలో మోకాళ్ల మీద కూర్చొని, చిన్న పట్టకారు లాంటి చిమటాతో ఒక్కో పెళ్లా ఏరి డబ్బాలో వేసుకున్నారు. కోళ్లు కూడా వంగి వంగి చూశాయి. ఇంత చదువుకున్న మనిషి మా వాకిట్లో మాడు ఏరుకుంటుంటే మా అత్తకు ప్రాణం చివుక్కుమన్నట్టుంది. లేచి వచ్చి, ఒక ముక్క తీసుకొని గోటితో నలిపి, వాసన చూసి, లోపల చిక్కుకున్న నల్లటి నలుసును ఎండకు పట్టి చూపింది.

"గింత ఫికర్ దేనికి సారూ? గిది జొన్న గట్క. దొడ్డు రవ్వ. ఎసరు తక్కువైంది, కలుపుడు మరిసిండు. మా కోడలు దినాం గిట్లనే మాడగొడ్తది, నాకెరుక గాదా!"

సారు ముందు ఆమె దిక్కు చూశారు, తర్వాత నా దిక్కు చూశారు. ఆయన నవ్వు గుట్ట మీదికి వినబడి ఉంటుంది. "నీ కోడలి వంట నన్ను బతికిచ్చిందమ్మా" అన్నారు. నన్ను నీడలోంచి తీసేయలేదు. ఇంకేదైనా మెరిపించాలనిపిస్తే ముందు తనను అడగమని మాత్రం చెప్పారు. పెద్దసారు వచ్చి డబ్బా తీసుకుపోయారు. వానలు మొదలయ్యాక, పరీక్షలో జొన్నలనే తేలిందని చెప్పడానికి టోపీ సారు మళ్లీ మా ఇంటికి వచ్చారు. మా అత్త ఆయనకు చాయ ఇస్తూ, "నేను అప్పుడే చెప్పిన గద సారూ, గంత దూరం పంపుడెందుకు?" అంది.

అయితే ఆ పరుగు మరునాటి పొద్దున ఒక ముచ్చట జరిగింది. పొయ్యి ముందు గట్క కలుపుతూ నా నోటి నుంచి అనుకోకుండా ఒక మాట వచ్చింది. "అత్తా, ఆ సిపాయి ఎందుకు మాడగొట్టిండో."

"ఎందుకేంది, వాళ్ల అవ్వ యాదికొచ్చుంటది" అంది అత్త, పిడకలు సర్దుతూ. అన్నాక, పిడక చేతిలో ఉండగానే నా దిక్కు తిరిగింది. నా ముఖం చూసింది. తెడ్డు నా చేతిలోంచి తీసుకొని తానే కలపసాగింది. "పో పిల్లా. నాలుగు దినాలు మీ అవ్వ దగ్గర ఉండి రాపో. సారుకు నేను చెప్త తియ్యి." పొగకు ఆమె కళ్లు కూడా ఎర్రబడ్డాయి. ఇంటి కోడలై రెండేళ్లైనా ఆమె నాతో అంత మెత్తగా మాట్లాడింది అదే మొదలు. జమ్మికుంట నుంచి తిరిగి వచ్చాక గట్క మాడటం తగ్గింది. (పూర్తిగా మానిందని అబద్ధం చెప్పను.)

ఇప్పుడు అత్త లేదు, నా మోకాళ్లు కూడా పరుగుకు పనికిరావు. మొన్న నా మనుమరాలు నన్ను పట్నంలో మ్యూజియం చూపిస్తానని తీసుకుపోయింది. అక్కడ అద్దాల పెట్టెలో పళ్లూడిన దువ్వెన, గళ్ల ఇటుక, వాటి నడుమ నా గంజు. కింద చీటీలో సిపాయిల వంటపాత్ర అని, వాళ్లు జొన్న తిన్నారని రాసి ఉందని మనుమరాలు చదివి చెప్పింది. ఒక దిక్కు పచ్చటి చిలుము, ఒక దిక్కు ఎర్రటి మెరుపు. నాకు తెలియకుండానే అద్దం మీద చెయ్యి పెట్టాను. కాపలా పిల్లవాడు ఉరికొచ్చాడు.

"అవ్వా, ముట్టద్దు, ముట్టద్దు! పాతకాలం సామాన్, ఖరాబైతది."

"ముట్ట తియ్యి కొడుకా" అని చెయ్యి తీసేశాను. ఒకప్పుడు మోచేతుల దాకా ముట్టానని వాడితో ఏం చెప్పను?

మనుమరాలు మాత్రం గంజును అటు తిరిగి, ఇటు తిరిగి చూస్తోంది. "బాపమ్మా, గిది సగమే ఎందుకు మెరుస్తుంది?"

"చింతపండు అయిపోయింది బిడ్డా" అన్నాను.

అదీ సంగతి. పొద్దు పోతోంది, ఇక లేవండి. మీ పొయ్యి ఎప్పుడూ వెచ్చగా ఉండాలి, మీ గంజు ఎప్పుడూ నిండుగా ఉండాలి. ఎప్పుడైనా అడుగంటితే, కోడలు ఎవరిని తలుచుకుందో అడిగే మనిషి మీ ఇంట్లో చల్లగా నూరేళ్లు ఉండాలి.